అంకె తెలిశాక ఏం చేస్తారు?

రోగికి పరీక్ష రాసే ముందు వైద్యుడు తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఫలితం ఎక్కువ వస్తే ఏం చేస్తాను, తక్కువ వస్తే ఏం చేస్తాను అని. రెండింటికీ జవాబు ఒకటే అయినప్పుడు ఆ పరీక్ష రాయకూడదు. రోగికి డబ్బు దండగ, పైగా లేనిపోని దిగులు. మణికట్టుకు కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండు కూడా నా దృష్టిలో ఒక పరీక్షే. అడుగులు, గుండె వేగం, నిద్ర, ఆక్సిజన్ అంటూ రాత్రింబవళ్లు ఆగకుండా సాగే పరీక్ష. కొనమంటారా డాక్టరుగారూ అని అడిగేవాళ్లు ఇప్పుడు ఓపీలో తరచుగా కనిపిస్తున్నారు. కొత్తగా షుగరు బయటపడిన నలభై ఏళ్ల ఉద్యోగి అడుగుతాడు. మోకాళ్ల నొప్పులకు వచ్చిన ఇల్లాలు అడుగుతుంది. అమెరికాలో ఉన్న కూతురు పంపిన వాచీ పెట్టుకొచ్చి, ఇది చూపించేది నమ్మవచ్చా అని రిటైరైన మాస్టారు అడుగుతారు. గుండె దడగా ఉందంటూ వచ్చిన పాతికేళ్ల సాఫ్ట్‌వేరు కుర్రాడు ఏమీ అడగడు, ఫోను తీసి నెల రోజుల గ్రాఫులు ముందు పెడతాడు. నలుగురి మాటా ఒకే వస్తువు గురించి. నలుగురికీ చెప్పవలసిన సలహా మాత్రం ఒకటి కాదు, ఎందుకంటే అందులో అంకె కనబడ్డాక ఒక్కొక్కరు చేయగలిగిన పని ఒక్కోలా ఉంటుంది. బ్యాండు కొనదగినదా కాదా అన్నది దాని ధర చూసి, కంపెనీ చూసి తేలే విషయం కాదనీ, అంకె చూసిన మర్నాడు మనం ఏం మార్చుకుంటామో దాన్నిబట్టే తేలుతుందనీ నా వాదన.

ముందుగా ఆ వస్తువు ఏది కొలుస్తుందో, ఏది ఊహిస్తుందో విడదీసి చూడాలి. లోపల ముఖ్యంగా ఉండేవి రెండు. కదలికను పసిగట్టే యాక్సిలరోమీటరు ఒకటి. చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, తిరిగొచ్చిన కాంతిని చదివే సెన్సరు రెండోది. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది కనుక ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడితే గుండె వేగం తెలుస్తుంది. అందుచేత మామూలు నడకలో అడుగుల సంఖ్య, కదలకుండా కూర్చున్నప్పటి గుండె వేగం చాలావరకు నమ్మదగినవి. తక్కినవి చాలావరకు ఈ రెండు పునాదుల మీద కట్టిన అంచనాలు, పై అంతస్తుకు వెళ్లేకొద్దీ గోడలు పలచబడతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో 60 మంది చేతికి 7 రకాల పరికరాలు కట్టి పరీక్షించారు. వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. ఖర్చయిన కేలరీల లెక్కలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. సాధనాలు ఆ తర్వాత మెరుగయ్యాయనుకున్నా, కేలరీ అన్నది మణికట్టు నుంచి నేరుగా కొలవగలిగింది కాదన్న మూల సంగతి మారలేదు. అడుగుల లెక్కకూ మన జీవితాల్లో కొన్ని చిక్కులున్నాయి. గతుకుల రోడ్డు మీద బండి నడిపితే కొన్ని బ్యాండ్లు దాన్నీ నడకగా రాసుకుంటాయి. చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచే పెద్దవాళ్ల అడుగులు సగం జారిపోతాయి. వంగి నాట్లు వేసే కూలీ, బండ మీద బట్టలుతికే మనిషి, తోపుడుబండి తోసే వ్యాపారి పడే శ్రమ దాని లెక్కలో దాదాపు కనబడదు. అలాంటి పని చేసేవాళ్లకు బ్యాండు అక్కర్లేదు, వాళ్లకు కావలసింది విశ్రాంతి, కడుపునిండా తిండి.

కేలరీల అంకెను పూర్తిగా పక్కన పెట్టమని నేను గట్టిగా చెబుతాను. అరగంట చురుకైన నడకకు మన ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఖర్చు చేసేది సుమారు 120 నుంచి 150 కేలరీలు. రెండు గారెలు తింటే ఆ లెక్క చెల్లిపోతుంది. బ్యాండు అదే నడకకు 300 అని చూపిస్తే, ఆ ధైర్యంతో రాత్రి అన్నంలో ఇంకో గరిటె పడుతుంది. నడక మొదలుపెట్టి మూడు నెలలైనా బరువు తగ్గలేదని వచ్చేవాళ్ల కథ అడిగి చూస్తే చాలాసార్లు ఇక్కడికే వచ్చి ఆగుతుంది. తప్పుడు అంకె కూడా మన నడవడిని మారుస్తుంది, మనకు గిట్టని దిక్కుకు మారుస్తుంది.

అడుగుల సంగతికి వద్దాం. రోజుకు 10,000 అన్న అంకె అందరి నోటా ఉంది, కొన్ని బ్యాండ్లలో పెట్టెలోంచి తీయగానే ఆ లక్ష్యం సిద్ధంగా ఉంటుంది. దాని పుట్టుక ప్రయోగశాలలో కాదు. టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును ‘మాన్పో-కే’ అన్న పేరుతో అమ్మింది. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. పలకడానికి బాగున్న ఆ పేరు అరవై ఏళ్లుగా వైద్య సలహాగా చలామణి అవుతోంది. లెక్కలు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీలను గమనించిన 2019 నాటి అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం దాదాపు ఆగిపోయింది. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన విస్తృత సమీక్ష 2,000 అడుగుల వాళ్లతో 7,000 అడుగుల వాళ్లను పోల్చి, మరణాలు 47 శాతం తక్కువని తేల్చింది. జబ్బుతో ఉన్నవాళ్లు ఎలాగూ తక్కువ నడుస్తారు కాబట్టి ఈ తేడా అంతా నడక పుణ్యమేనా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే, ఆ తేడాలో కొంత భాగం ఆరోగ్యవంతులు ఎక్కువ నడవడం వల్ల వచ్చిందే అయి ఉంటుంది. అయినా అన్నిట్లోనూ గీత ఒకే తీరుగా వంగుతోంది. పెద్ద లాభమంతా కింది మెట్ల దగ్గరే ఉంది. రోజుకు 2,500 అడుగులు వేసే మోకాళ్ల నొప్పుల ఇల్లాలికి 10,000 చూపిస్తే వారంలో బ్యాండు బీరువాలోకి పోతుంది. ఆమెను 4,000కు తీసుకురాగలిగితే పెద్ద లాభంలో ఆమె వాటా ఆమెకు దక్కినట్టే.

ఇంతకీ చేతికి కట్టుకున్నంత మాత్రాన మనిషి ఎక్కువ నడుస్తాడా? ఈ ప్రశ్నకు సాక్ష్యం రెండు దిక్కులా ఉంది, రెండు దిక్కులా నిజాయితీగా చూడాలి. 2007లో వచ్చిన ఒక సమీక్ష అడుగుల మీటరు పెట్టుకున్నవాళ్లు పెట్టుకోనివాళ్లకన్నా రోజుకు సుమారు 2,500 అడుగులు ఎక్కువ వేశారని చెప్పింది. 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో వచ్చిన మరింత పెద్ద సమీక్ష, లక్షా అరవై వేల పైచిలుకు మంది లెక్కలు కలిపి చూసి, పెరుగుదల రోజుకు 1,800 అడుగులు, బరువులో తగ్గుదల సుమారు ఒక కిలో అని తేల్చింది. ఇది కొట్టిపారేయవలసిన లాభం కాదు. దీనికి ఎదురుగా రెండు ప్రయోగాలున్నాయి. పిట్స్‌బర్గ్‌లో 471 మంది యువతీయువకులను రెండేళ్లపాటు బరువు తగ్గించే కార్యక్రమంలో ఉంచారు. తిండి నియమం, సలహాలు అందరికీ ఒకటే, కొందరికి మాత్రం జబ్బకు కట్టుకునే పరికరం అదనంగా ఇచ్చారు. 2016లో ఫలితాలు వెలువడ్డాయి. పరికరం లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవాళ్లు 3.5 కిలోలే తగ్గారు. అదే ఏడాది సింగపూర్ నుంచి ఇంకో ప్రయోగం వచ్చింది. 800 మంది ఉద్యోగులు, కొందరికి బ్యాండు, కొందరికి బ్యాండుతోపాటు అడుగులు పూర్తిచేస్తే నగదు, ఇంకొందరికి తమ పేరున దానధర్మాలకు డబ్బు. ఆరు నెలల తర్వాత బహుమతులు ఆపారు. ఏడాది నిండేసరికి బ్యాండు ఇంకా పెట్టుకుంటున్నది పదిమందిలో ఒకరు. బరువులో, బీపీలో చెప్పుకోదగ్గ మెరుగు లేదు.

ఈ రెండు రకాల ఫలితాలూ ఒకదాన్నొకటి రద్దు చేయవు. 2007 సమీక్షలోనే దీనికి తాళంచెవి ఉంది. మీటరుతోపాటు తమకంటూ ఒక లక్ష్యం పెట్టుకున్న వాళ్ల అడుగులే పెరిగాయి. లక్ష్యం లేకుండా ఊరికే మీటరు పెట్టుకున్న వాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. అంటే పనిచేసింది మీటరు కాదు, మీటరు చూసి చేసిన పని. పిట్స్‌బర్గ్ వాళ్లలో ఏం జరిగిందన్నది పూర్తిగా తేలలేదు. నాకు తోచేదేమిటంటే, అంకెలు రాసుకునే పని పరికరానికి అప్పగించినప్పుడు, రాసుకోవడంలో ఉండే ఎరుక కూడా దానితో పోతుంది. బరువు తగ్గాలనుకునేవాళ్లు తిన్నది కాగితం మీద తామే రాసుకుంటే, రాసే ముందే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. యంత్రం రాసిపెడితే ఆ క్షణం ఉండదు. సింగపూర్ ప్రయోగం చెప్పేది మరింత సూటిగా ఉంది. బయటినుంచి తోసిన కోరిక తోపు ఆగగానే ఆగుతుంది. బ్యాండు కొంటే నడక మొదలవుతుందని ఆశపడేవాళ్లకూ, నడక మొదలుపెట్టి దాన్ని నిలుపుకోవడానికి బ్యాండు కొనేవాళ్లకూ మధ్య తేడా ఇక్కడే ఉంది. మొదటివాళ్లకు నేను వద్దంటాను. మూడు వారాలు ఏ పరికరమూ లేకుండా నడిచి రండి, అప్పుడు మాట్లాడదాం అంటాను.

కొత్తగా షుగరు బయటపడిన ఉద్యోగిని తీసుకుందాం. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారనీ లెక్కకట్టింది. ఈ మనిషి ఆ కోట్లలో ఒకడు. తొమ్మిది గంటలు కుర్చీలో, రెండు గంటలు ట్రాఫిక్‌లో గడుస్తాయి. ఇతనికి బ్యాండు ఒక పని చేసిపెట్టగలదు. భోజనం అయ్యాక ఎంతసేపు కదలకుండా కూర్చున్నాడో చూపించగలదు. గ్లూకోజు అదుపు తప్పుతున్న పెద్ద వయసువాళ్లపై 2013లో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో, మూడు పూటలా భోజనం తర్వాత 15 నిమిషాల చొప్పున నడిస్తే రోజంతా రక్తంలో గ్లూకోజు మెరుగుపడింది. రాత్రి భోజనం తర్వాతి గ్లూకోజును దించడంలోనైతే, పొద్దున్నే ఒక్కసారి 45 నిమిషాలు నడవడం కన్నా ఇదే మెరుగ్గా పనిచేసింది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది, అందుకే తిన్న తర్వాతి నడకకు ఆ బలం. అన్నం తిన్నాక డాబా మీద పదిహేను నిమిషాలు తిరిగారా లేదా అన్న ఒక్క ప్రశ్నకు బ్యాండు జవాబు చెబితే, మూడు నెలల తర్వాత, సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ కాగితంలో దాని ఫలం కనబడే అవకాశం ఉంది. అంకెకు, పనికి, ఫలితానికి మధ్య దారి ఇంత సూటిగా ఉన్నచోట నేను సంతోషంగా కొనుక్కోమంటాను. గుండె వేగం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. 220లోంచి వయసు తీసేసి, అందులో ఇంత శాతం చేరుకోవాలని చాలా బ్యాండ్లు గీత గీస్తాయి. బీపీకో గుండెకో మెటాప్రొలాల్, అటెనొలాల్ వంటి మందులు వాడేవాళ్లలో గుండె వేగం మందు ప్రభావంతో తగ్గే ఉంటుంది. ఆ గీత అందుకోవాలని పరుగెత్తడం ప్రమాదం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. ఈ పాత కొలత వాళ్లకు ఎక్కువ భద్రం.

అడుగులు ఫోనే లెక్కపెడుతుంది కదా, మళ్లీ బ్యాండెందుకు అన్న ప్రశ్న న్యాయమైనది. 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన చిన్న పరీక్షలో ఫోను యాప్‌ల లెక్క అసలు అడుగులకు ఆరేడు శాతం అటూ ఇటూగా వచ్చింది, చేతికి, నడుముకు కట్టుకునేవాటిలో ఒకటైతే 22 శాతం దాకా తగ్గించి చెప్పింది. రోజంతా ప్యాంటు జేబులో ఫోను పెట్టుకుని తిరిగే మగవాడికి నిజంగా రెండో పరికరం అక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ల సంగతి వేరు. చీరకు జేబుండదు. ఫోను వంటింటి గట్టు మీదో, టీవీ పక్కనో చార్జింగ్‌లోనో ఉంటుంది, ఆమె ఇల్లంతా తిరుగుతుంది. ఫోను ఆమె రోజును 800 అడుగులుగా రాసుకుంటుంది. అందుకే ఇంట్లో ఒక బ్యాండు కొనే స్తోమతే ఉంటే అది ఆమె చేతికి వెళ్లాలని నేనంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల అంచనా ప్రకారం 2022లో మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగంమందికి చాలినంత శారీరక శ్రమ లేదు. స్త్రీలలో అది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. రోజంతా పనే కదండీ, ఇంకా నడక ఏమిటి అని ఆమె అడిగితే ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆ పని ఒంటిని అలిసిపోయేలా చేస్తుంది, గుండె వేగాన్ని మాత్రం అంతగా పెంచదు. వంటింటికీ హాలుకీ మధ్య వేసిన 5,000 అడుగులనూ, ఊపిరి కాస్త వేగంగా తీసుకునేలా ఏకధాటిగా వేసిన 2,000 అడుగులనూ బ్యాండు విడివిడిగా చూపించగలిగితే, ఆమె అలసట నిజమనీ ఆమె గుండెకు వ్యాయామం దొరకడం లేదన్నదీ నిజమనీ రెండూ ఒకేసారి తెలుస్తాయి. అప్పుడు మాట్లాడవలసింది ఆమెతో కాదు, సాయంత్రం ఆ అరగంట ఆమెకు వదిలిపెట్టవలసిన ఇంటివాళ్లతో.

వాచీ ప్రాణం కాపాడిన వార్తలు వస్తున్నాయి కదా, ఒక్క ప్రాణమైనా చాలదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దానికి తొందరపడి జవాబు చెప్పకూడదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషంలో గుండె పై గదులు సరిగా ముడుచుకోక కంపిస్తూ ఉంటాయి, లోపల గడ్డకట్టిన రక్తం మెదడుకు కొట్టుకుపోతే పక్షవాతం వస్తుంది. ముందే పట్టుకుంటే రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చి చాలావరకు ఆపవచ్చు. అంటే అంకెకు, పనికి మధ్య దారి ఇక్కడ ఉంది. యాపిల్ వాచీతో జరిపి 2019లో ప్రకటించిన అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొన్నారు. వాళ్లలో లయ తప్పిందని హెచ్చరిక అందుకున్నది 0.52 శాతం. హెచ్చరిక వచ్చాక ఛాతీకి ఈసీజీ ప్యాచి అతికించుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనబడింది. మిగతా వాళ్లందరికీ వాచీ అబద్ధం చెప్పిందనలేం, ఆ దోషం వచ్చి పోతూ ఉంటుంది, ప్యాచి అతికించేసరికి అది లేకపోయి ఉండవచ్చు. అయినా హెచ్చరిక అంటే జబ్బు ఖాయమని కాదన్నది స్పష్టం. ఏ పరీక్షకైనా ఒక ధర్మం ఉంది. జబ్బు వచ్చే అవకాశం ఎక్కువున్న మనిషిలో దాని మాటకు విలువ పెరుగుతుంది, తక్కువున్న మనిషిలో తగ్గుతుంది. అరవై ఐదు దాటి, బీపీ, షుగరు ఉన్న మాస్టారి వాచీ లయ తప్పిందంటే నేను ఆ పూటే ఈసీజీ తీయిస్తాను. పాతికేళ్ల కుర్రాడి వాచీ అదే మాటంటే చాలాసార్లు పట్టీ వదులుగా ఉండటమో, కాఫీ ఎక్కువవడమో, నిద్ర లేకపోవడమో కారణం. మన దేశంలో చిన్న వయసులో లయ తప్పడానికి ఇంకో దారి ఉందని మాత్రం మరిచిపోకూడదు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల కవాటాలు దెబ్బతిన్నవాళ్లలో ముప్పై ఏళ్లకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు. వాళ్లలో చాలామంది చేతికి వాచీ ఉండదు. వాళ్లను పట్టుకోవలసింది స్టెతస్కోపు, మణికట్టు మీద ముప్పై సెకన్లపాటు వేసిన మూడు వేళ్లు.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. వాచీ గుండెపోటును గుర్తించలేదు. అందులో ఈసీజీ ఉన్నా అది ఒక్క గీతే. గుండెపోటు నిర్ధారణకు పన్నెండు కోణాల ఈసీజీ కావాలి, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష కావాలి, అవి మామూలుగా వచ్చినా కొన్ని గంటలు ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతున్నప్పుడు వాచీ లయ బాగానే ఉందని చూపిస్తే, అది చూసి గ్యాసు మాత్ర వేసుకుని పడుకుంటే పోయిన ఆ సమయం మళ్లీ రాదు. ఆ సమయంలో చేతి మీద చూడవలసింది ఏదీ లేదు, 108కి ఫోన్ చేయడం ఒక్కటే పని.

అంకె తెలిశాక చేయగలిగే పని ఏమీ లేనప్పుడు ఆ అంకె ఊరుకోదు, దిగులుగా మారుతుంది. నిద్ర స్కోరు దీనికి మంచి ఉదాహరణ. నిద్రలో మెదడు ఏ దశలో ఉందో తెలియాలంటే తలకు తీగలు అతికించి మెదడు విద్యుత్తును నమోదు చేయాలి. మణికట్టు కదలికనూ గుండె వేగాన్నీ చూసి బ్యాండు ఆ దశలను ఊహిస్తుంది. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు అన్నది ఓ మోస్తరుగా చెబుతుంది, గాఢనిద్ర ఎంతసేపు అన్నది మాత్రం గట్టిగా నమ్మవలసింది కాదు. స్కోరు తగ్గిందని ఆందోళనపడి, ఆ ఆందోళనతోనే నిద్ర చెడగొట్టుకునేవాళ్లను గమనించి 2017లో షికాగో పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని ఒక పేరే పెట్టారు. పొద్దున లేచి హాయిగా ఉన్న మనిషి, వాచీలో 62 అని చూసి అలిసిపోయినట్టు భావించడం మన ఓపీల్లోనూ ఉంది. రాత్రి గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడటం, పగలు కునుకుపాట్లు ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది. అవేవీ లేకపోతే రాత్రి బ్యాండు తీసి బల్ల మీద పెట్టమంటాను. గుండె దడ కుర్రాడికి కూడా ఇదే వైద్యం. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూశాక అన్నీ బాగుంటే, రెండు వారాలు వాచీ లేకుండా గడపమని చెబుతాను. దడ తగ్గినవాళ్లకు ఆ వాచీ మళ్లీ పెట్టించవలసిన అవసరం రాదు.

బీపీ చూస్తానని, సూది లేకుండా షుగరు చెబుతానని ప్రకటించుకునే వాచీలు మార్కెట్లో ఉన్నాయి. షుగరు విషయంలో మాట స్పష్టం. చర్మాన్ని గుచ్చకుండా గ్లూకోజు కొలిచే వాచీకి గాని, ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. భుజానికి అతికించుకుని గ్లూకోజును ఎడతెగకుండా చూసుకునే సీజీఎం వేరు, దానికి చర్మం కిందికి వెళ్లే సన్నని తీగ ఉంటుంది. ఇన్సులిన్ వేసుకునే మనిషి వాచీ అంకె చూసి యూనిట్లు మార్చుకుంటే లో షుగర్‌తో స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. బీపీ చూపే వాచీల్లో చాలావాటిని అప్పుడప్పుడు అసలు బీపీ మిషన్‌తో సరిచూడవలసి వస్తుంది, అంటే ఎలాగూ మిషన్ కొనాలి. జబ్బకు కట్టే పట్టీ ఉన్న డిజిటల్ బీపీ మిషన్ రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని చూసుకుంటే సగటున 135/85 దాటిందా లేదా అన్నది మందు పెంచాలా వద్దా అన్న నిర్ణయానికి నేరుగా పనికొస్తుంది. బీపీ ఉన్న ఇంట్లో పదివేల వాచీ ఉండి, రెండు వేల మిషన్ లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు బీపీ మిషన్, తర్వాత పాదానికి సరిపోయే నడక బూట్లు. ముఖ్యంగా షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బూట్లు. బ్యాండు ఆ తర్వాతే. ఆక్సిజన్ అంకెకూ చర్మం రంగు అడ్డొస్తుంది. వేలికి పెట్టే ఆసుపత్రి పరికరాలే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవాళ్లలోకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పట్టుకోలేకపోయాయని అమెరికాలో 2020లో బయటపడింది. చామనఛాయ మణికట్టు మీది వాచీ అంకెను చూసి ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మా తాతలకు ఏ బ్యాండు ఉంది, వాళ్లు తొంభై ఏళ్లు బతకలేదా అన్న మాట కూడా వింటుంటాను. తొంభై దాకా బతికిన తాతలు మనకు గుర్తున్నారు, యాభైకే పోయినవాళ్లు గుర్తులేరు. అదలా ఉంచినా, వాళ్ల పొలమే వాళ్లకు వ్యాయామం, పక్క ఊరికి వెళ్లాలంటే నడకే దారి. ఇప్పుడు పల్లెలోనూ గుమ్మం ముందే బండి ఎక్కుతున్నాం. కదలిక దానంతట అది దొరకనప్పుడు, దొరికినదెంతో కొలుచుకోవలసి రావడంలో తప్పేమీ లేదు. జీతం చాలనివాడు ఖర్చు రాసుకున్నట్టే ఇదీ. మరి మాస్టారి వాచీ మాటేమిటి? అమెరికా నుంచి పంపిన ఆ వాచీలో పడిపోతే తెలియజేసే సదుపాయం ఉంటే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు అది నిజంగా విలువైనది. అయితే బాత్రూములో తండ్రి జారిపడిన కబురు డాలస్‌లో ఉన్న కూతురి ఫోనులో మోగితే చాలదు. తాళంచెవి ఉన్న పక్కింటివాళ్ల నెంబరు కూడా అందులో ఉండాలి. అది రాసిపెట్టకుండా పంపిన వాచీ కూతురికి ధైర్యం ఇస్తుంది గాని తండ్రికి రక్షణ ఇవ్వదు.

కొన్నవాళ్లకు వాడకం గురించి నాలుగు మాటలు చెబుతాను. మొదటి వారం లక్ష్యం తీసేసి ఎప్పటిలాగే తిరగండి, అసలు మీరు రోజుకు ఎంత నడుస్తున్నారో తెలుస్తుంది. రెండో వారం నుంచి దానికి వెయ్యి కలపండి, నెలకు మరో వెయ్యి చొప్పున ఏడు వేల దాకా వెళ్లండి. ఛాతీ నొప్పి, కొత్తగా ఆయాసం ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో అంకె కోసం మధ్యాహ్నం బయటికి వెళ్లకండి, ఆ రోజు తగ్గితే తగ్గనివ్వండి. రోజు అంకెను వదిలి వారం సగటును చూడండి. పట్టీ కింద చెమట, సబ్బు నిలిచి చర్మం ఎర్రబడుతుంటే రోజూ కాసేపు తీసి ఆరనివ్వండి. మూడు నెలలు గడిచినా అంకె మీ సాయంత్రాన్ని ఏమీ మార్చలేదనుకుంటే దాన్ని ఇంట్లో అవసరమైన ఇంకొకరికి ఇచ్చేయండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఫోనులో గ్రాఫులన్నీ తేనక్కర్లేదు. గడిచిన నాలుగు వారాల అడుగుల సగటు, పొద్దున లేవగానే చూసిన గుండె వేగం, బీపీ మిషన్‌తో వారంపాటు చూసుకున్న అంకెలు, టేపుతో కొలిచిన నడుము చుట్టుకొలత ఒక చీటీ మీద రాసుకుని రండి. ఆ చీటీ చూసి మందు మార్చవచ్చు.